ఎనిమిది ఎక్కడికి పోయింది

నా పెళ్ళి భోజనాల్లో నేను చెప్పిన లెక్క ఒప్పు. నూటికి నూరుపాళ్ళూ ఒప్పు. దాన్ని నలుగురిలో తప్పని తేల్చి, నా విస్తట్లో బూరెలు తీసేశారు.

బూరెల సంగతి వదిలేస్తాను. వదిలేస్తానంటున్నాను గాని, అవి చిల్లు పొడిచి నెయ్యి పోసిన బూరెలు, ఇంకా వేడి తగ్గనివి. ఆ వాసన ఇప్పటికీ గుర్తే. సరే, వదిలేశాను. బూరెలతో పాటు ఇంకోటి పోయింది. నా కోపమంతా దాని గురించి.

మా మామగారిది కొల్లేటి అంచున, మండవల్లికి దగ్గర్లో ఒక పల్లె. ఏలూరు రేవులో ఆయనకి పెద్ద ధాన్యం పడవ ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళ ధాన్యం బళ్ళ మీద ఏలూరు చేరితే, అక్కణ్ణించి కాలువ మీద తాడేపల్లిగూడెం మిల్లులకి ఆయన పడవ తోలేవారు. ఆ రోజుల్లో, అంటే పంతొమ్మిది వందల ముప్ఫైల్లో, ఆ కాలువ మీద ఆయన పేరు తెలియని మిల్లు లేదు. బస్తాల లెక్కలో ఒక్కనాడూ ఆయన మాట తేడా రాలేదని చెప్పుకునేవారు.

దానికి ఆయనకో పద్ధతి ఉంది. సరుకంతా పడవలోకి ఎక్కాక ఇద్దరు మనుషులు లెక్కపెట్టాలి. ముందు కొసన ఒకరు, వెనక కొసన ఒకరు మొదలుపెడతారు. ఇద్దరూ ఎదురెదురుగా నడుస్తూ, ప్రతివాడూ పడవ మొత్తం లెక్కపెట్టుకుంటూ రెండో కొసకి పోతాడు. మధ్యలో ఎదురుపడ్డప్పుడు మాట్లాడకూడదు, ఒకరి మొహం ఒకరు చూడకూడదు. చివరికి ఇద్దరూ ఒకేసారి పైకి చెప్పాలి. రెండూ కలిస్తే పడవ కదులుతుంది. కలవకపోతే మళ్ళీ మొదటికే. "రెండు కొసల నుంచీ ఒకేలా రావాలండి. అలా రానిది లెక్క కాదండి" అనేవారు. ఈ మాట గుర్తుంచుకోండి. నా కొంప ముంచింది ఇదే.

ఆయనకి కొడుకులు లేరు. ముందు కొస ఎప్పుడూ ఆయనదే. వెనక కొసకి ఇంటి మనిషి కావాలని ఆయన కోరిక. పెళ్ళిమాటలప్పుడు మా నాన్నతో అన్నారట: "కుర్రాడికి లెక్కలొచ్చునంటున్నారు కదండీ. నిజంగా వస్తే వెనక కొస అల్లుడుగారిదేనండి."

నాకు లెక్కలు వచ్చు. ఎవరూ నేర్పలేదు, అయినా వచ్చు. ఐదో క్లాసుతో బడి మానేసి గూడెంలో బియ్యం మిల్లులో ఇంజను దగ్గర చేరాను. ఏలూరు బజారులో పాత సామాన్ల వాడి దగ్గర అట్టలేని లెక్కల పుస్తకం ఒకటి దొరికింది. మొదటి పేజీలు లేవు, అందుకని నా చదువు వ్యవహారగణితం మధ్యలో మొదలైంది. ఇంజను దబదబలాడుతుంటే ఇనప తలుపు మీద సుద్దముక్కతో పెద్ద పెద్ద గుణకారాలు చేసేవాణ్ణి. మా మేస్త్రి తలుపు తుడిపించేవాడు, నేను మళ్ళీ నింపేవాణ్ణి. పడవ మీద వెనక కొస అంటే నాకు ఆ ఇంజను పొగలోంచి బయటపడటం. కాలువ గాలి, రేవులు, లాకుల దగ్గర కబుర్లు, నలుగురూ "లెక్కగారూ" అని పిలవటం. నేను పెళ్ళికూతుర్ని చూసి ఎంత మురిశానో ఆ వెనక కొసని తల్చుకుని అంతే మురిశాను. ఈ వాక్యం మా ఆవిడ చదివింది. "నాకు తెలుసులెండి" అంది.

పెళ్ళి మాఘంలో, వాళ్ళ ఊళ్ళో అయింది. పందిట్లో భోజనాల బంతి వేశారు. మా వైపు బంతుల్లో ఆడపెళ్ళివారు మగపెళ్ళివారిని ఏదో ఒకటి అడిగి ఆట పట్టించడం అలవాటే. పొడుపుకథలు విప్పమంటారు, పద్యం పాడమంటారు. చెప్పలేకపోతే మిఠాయి ఉండదు. ఆ ఊరివాళ్ళు నన్ను లెక్క అడిగారు.

అందుకు కారణం వాళ్ళ ఊరి మిషన్ బడి పంతులుగారు. సాధువైన మనిషి. అన్ని ఇళ్ళ పిల్లలూ ఆయన దగ్గరే చదివేవారు. ఆయన ఆ పిల్లలకి ఒక సంఖ్య నేర్పారు. తొమ్మిది ఒకట్లు వరసగా వేసి, దాన్ని దానితోనే గుణిస్తే 12345678987654321 వస్తుంది. ఒకటి నుంచి మెట్టు మెట్టుగా తొమ్మిది దాకా ఎక్కి, మళ్ళీ మెట్టు మెట్టుగా ఒకటి దాకా దిగుతుంది. ఎడమ నుంచి చదవండి, కుడి నుంచి చదవండి, అదే. పదిహేడు అంకెలు, కూడితే ఎనభై ఒకటి, అంటే తొమ్మిది తొమ్మిదులు. పిల్లలు దాన్ని పాటలా పాడేవారు. ఊళ్ళో దాని పేరు కొండ సంఖ్య. మా మామగారికి ఆ సంఖ్య అంటే ప్రాణం. రెండు కొసల నుంచీ ఒకేలా వచ్చే లెక్క కదా మరి! దేవుడే ఆయన పడవ చూసి చేసినట్టు మాట్లాడేవారు.

బంతిలో కూర్చున్నాను. బూరెలు వడ్డించారు. చెయ్యి పెట్టబోతే మామగారు ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

"అల్లుడుగారూ, తొమ్మిది ఒకట్ల సంగతి మా పిల్లలకి కూడా తెలుసండి. పది ఒకట్లయితే ఎంతండీ?"

పంతులుగారు పలక తెప్పించి నా ఒళ్ళో పెట్టారు. ఆ సభలో తీర్పు చెప్పాల్సింది కూడా ఆయనే.

ఈ లెక్క చెయ్యడం కష్టం కాదు. పది ఒకట్లని పది ఒకట్లతో గుణించడమంటే ఒకట్ల వరసలు పది వేసుకోవాలి, ప్రతి వరసనీ పైదానికంటే ఒక చోటు ఎడమకి జరపాలి. నిలువునా కూడితే కుడి చివర ఒకటి, తర్వాత రెండు, తర్వాత మూడు, అలా మధ్యలో పది, మళ్ళీ తగ్గుతూ ఎడమ చివర ఒకటి. మధ్యలో పది వచ్చింది చూశారూ, అక్కడుంది అసలు సంగతి. ఒక చోట ఒక అంకే ఉండాలి. పదిలో సున్నా అక్కడ వేసి, ఒకటి పక్క చోటికి పంపాలి. ఆ పక్కనున్నది తొమ్మిది. దానికి ఒకటి కలిస్తే అదీ పదే. అక్కడా సున్నా వేసి ఒకటి పంపాలి. దాని పక్కన ఎనిమిది. అది తొమ్మిదవుతుంది. అంతే. నేను రాశాను: 1234567900987654321.

పలక ఎత్తి చూపించాను. ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు మొదలైంది.

"ఏవండీ పెళ్ళికొడుకుగారూ! ఎక్కేటప్పుడు ఏడు తర్వాత తొమ్మిదుందేంటండీ? ఎనిమిది ఏదండీ?"

"బూరె అనుకుని మింగేశారే!"

"కొల్లేట్లో పడిపోయిందేమో, వల వెయ్యండర్రా!"

మామగారు నవ్వలేదు. ఆయనకి నిజంగానే దిగులేసింది. "రెండు కొసల నుంచీ ఒకేలా రాలేదండి" అన్నారు మెల్లిగా. తర్వాత ఆయన లెక్క చెప్పారు. పిల్లలంతా గొంతు కలిపారు: ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, తొమ్మిది, ఎనిమిది... అలా ఒకటి దాకా దిగారు. పంతులుగారు దాన్ని నా అంకెల కింద రాశారు: 12345678910987654321.

"రాసింది వెనక నుంచి చదవండి మామగారూ, మధ్యలో పది రాదు, సున్నా ఒకటి వస్తుంది" అన్నాను.

"పదిని ముక్కలు చేస్తారేంటండీ? బస్తాలు లెక్కపెడుతూ తొమ్మిది తర్వాత ఒకటీ సున్నా అంటామా? పది అంటాం. అటు నుంచి వచ్చినా పదేనండి."

దీనికేం చెబుతారు? పంతులుగారి వైపు చూశాను. ఆయనకి తెలిసిన శోధన తొమ్మిదుల శోధన. అంకెలన్నీ కూడి, అందులోంచి తొమ్మిదులన్నీ తీసేస్తే ఏం మిగులుతుందో చూడటం. పది ఒకట్లు కూడితే పది, తొమ్మిది తీస్తే ఒకటి. ఒకటిని ఒకటితో గుణిస్తే ఒకటి. కాబట్టి జవాబులో కూడా ఒకటే మిగలాలి. నా అంకెలు కూడారు, ఎనభై రెండు. తొమ్మిదులు తీస్తే ఒకటి. బాగుంది. వాళ్ళ అంకెలు కూడారు, తొంభై ఒకటి. తొమ్మిదులు తీస్తే... అక్కడ కూడా ఒకటే!

ఇలాంటి దురదృష్టం ఎవరికైనా పట్టిందా? వాళ్ళ తప్పుడు లెక్క కూడా శోధనలో నెగ్గి కూర్చుంది.

పంతులుగారు ఇబ్బందిగా దగ్గి, "రెండూ సరిపోయాయండీ. మరి పెద్దల మాటే..." అని మామగారి వైపు తిరిగారు. మామగారు తమ పద్ధతి ప్రకారం తీర్పు చెప్పారు. రెండు కొసల నుంచీ ఒకేలా వచ్చేది లెక్క, రానిది లెక్క కాదు. వదిన వరసైన ఒకావిడ వచ్చి నా బూరెలు ఎత్తుకుపోయింది. వెనక కొస కూడా అలాగే పోయింది. మర్నాడు నాన్నతో ఎంతో మర్యాదగా చెప్పారట, "కుర్రాడు బంగారం లాంటోడండి. పడవ లెక్క మాత్రం తర్వాత చూద్దామండి" అని.

అసలైన జవాబు నాకు పెళ్ళయిన మూడోనాడు తట్టింది. అప్పుడు ఆయన పడవ మీదే పెళ్ళికూతుర్ని తీసుకుని ఏలూరు నుంచి గూడెం వస్తున్నాం. పది ఒకట్లంటే నూట పదకొండు కోట్ల చిల్లర. దాన్నలా ఉంచండి. ఏకంగా రెండు వందల కోట్లని రెండు వందల కోట్లతో గుణించినా పంతొమ్మిది అంకెలకి మించి రావు. వాళ్ళ సంఖ్యకి ఇరవై అంకెలు! శోధనలూ అక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు, అంకెలు లెక్కపెడితే చాలు. ఇది బంతిలో ఎందుకు తట్టలేదని తల పట్టుకున్నాను. తల దించుకుని కూర్చున్న పెళ్ళికూతురితో నేను మొట్టమొదట మాట్లాడిన మాట ఇదీ:

"ఇరవై అంకెలు ఎలా వస్తాయి?"

ఆవిడ కాసేపు ఆలోచించి, "ఆకలేస్తోందాండీ?" అంది.

ఆ తర్వాత నాలుగేళ్ళు నేను ఆ లెక్క వదల్లేదు. మామగారి పడవ గూడెం రేవుకి వచ్చినప్పుడల్లా మిల్లులోంచి వెళ్ళి ఎదురు నిలబడేవాణ్ణి. వెనక కొసన ఎవరో కళాసీ లెక్కపెడుతుంటే నా కడుపు మండేది. ఇరవై అంకెల సంగతి చెప్పాను. "పెద్ద పడవకి పెద్ద లెక్కే కదండీ" అన్నారు. పదకొండుల సంగతి చెప్పాను. పది ఒకట్లంటే ఐదు పదకొండులు పక్కపక్కన రాసినట్టే, కాబట్టి జవాబు పదకొండుతో తెగాలి. నాది తెగుతుంది, వాళ్ళది తెగదు, ఒకటి మిగులుతుంది. "ఒకటే కదండీ మిగిలింది" అన్నారు. ఎంత కోపంగా అడిగితే అంత మెత్తగా మాట్లాడేవారు. చివరికి ఎప్పుడూ ఒకటే ముక్తాయింపు: "ముందు భోంచెయ్యండి. ఎండలో వచ్చారు."

ఈ మధ్యనే తెలిసిన ఇంకో సంగతి ఇక్కడే చెప్పేస్తాను, మళ్ళీ మర్చిపోతాను. మా మనవరాలు ఇంజనీరింగు చదువుతోంది. వాళ్ళ కాలేజీ కంప్యూటరులో ఈ రెండు సంఖ్యలూ వేసి చూడమన్నాను. మామగారు చెప్పిన 12345678910987654321 ప్రధాన సంఖ్యట! అంటే దాన్ని ఒకటీ అదీ తప్ప ఇంకే సంఖ్యా భాగించలేదు. ఏదో ఒక సంఖ్యని దానితోనే గుణిస్తే వచ్చిందనడానికి లోకంలో ఇంతకంటే పనికిరాని సంఖ్య దొరకదు. అన్ని సంఖ్యలుండగా ఆయన దాన్నే పట్టుకున్నారు. "ఎంత అందమైన సంఖ్యో తాతయ్యా!" అంది మనవరాలు. అదీ వాళ్ళ వైపే.

సరే, ఆ నాలుగో ఏడు. మా ఆవిడ పురిటికి పుట్టింటికి వెళ్ళింది. చూడ్డానికి వెళ్ళాను. వెళ్ళిన రోజే ముసురు పట్టింది. ధాన్యం తడుస్తుందని పడవ ఏలూరు రేవులోనే కట్టేయించి మామగారు కూడా ఇంటికొచ్చేశారు. అరుగు మీద కూర్చుంటే ముందు వాన, ఆ వెనక చేలు, చేల వెనక కొల్లేరు. అంతా ఒకే రంగు. చెయ్యడానికి పని లేదు. మా ఆవిడ వామనగుంటల పీట ముందేసుకుని చింతపిక్కలు పోసుకుని ఆడుతోంది. అది ఆడవాళ్ళ ఆటని మామగారు బయటికి అంటారు గాని, పక్కన చేరి "ఆ గుంటలోంచి తియ్యమ్మా, అది కాదు, ఈ పక్కది" అని ఒకటే సలహాలు. ఆయన చెయ్యి పిక్కల మీదికి పోవడం, వెనక్కి రావడం చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు తట్టింది. ఈయనకి అంకెలు చెబితే ఎక్కవు. చేత్తో పట్టుకుని లెక్కపెట్టేవి కావాలి.

మా ఆవిడని ముగ్గుతో వరసగా పంతొమ్మిది గడులు గియ్యమన్నాను. మా అత్తగారు లోపల్నుంచి, "పొద్దున్నే అలికానే తల్లీ!" అని అరిచింది. మా ఆవిడ వినిపించుకోలేదు, గీసింది. మామగార్ని పిలిచాను.

"మామగారూ, మీ కొండ మీరే కట్టండి. ఈ కొసన ఒక పిక్క, పక్కన రెండు, అలా మధ్యలో పది, మళ్ళీ దిగాలి."

కట్టారు. ఎంత శ్రద్ధగా కట్టారో! తర్వాత మేమిద్దరం పడవలో లాగానే చెరో కొస నుంచీ బయల్దేరాం. అరుగు మీద ఎదురుపడ్డాం, మాట్లాడుకోలేదు. చివర ఇద్దరం ఒకేసారి "నూరు" అన్నాం.

మామగారి మొహం వెలిగిపోయింది. "చూశారా అల్లుడుగారూ! రెండు కొసలూ కలిశాయండీ!"

"కలిశాయండి. ఇంతవరకూ మీ మాటే ఒప్పు" అన్నాను. నిజం. గుట్టలుగా ఉన్నంతసేపూ ఆయన మాటే ఒప్పు, ఆ సంగతి నాకూ అప్పటిదాకా తట్టలేదు. "మరి ఇప్పుడు దీన్ని సంఖ్యగా రాయాలి. ఒకట్ల గడిలో పది చేరితే ఏం చేస్తారండి?"

"పదీ తీసేసి పదుల గడిలో ఒకటేస్తాం. అది పిల్లలకి కూడా తెలుసండి."

"ఏ గడికైనా అంతే కదండీ?"

"అంతేనండి."

"అయితే మధ్య గడిలో చూడండి."

ఆయన మధ్య గడిలో పది పిక్కలూ తీశారు. ఒకటి మాత్రం ఎడమ పక్క గడిలో వేశారు. వేశాక ఆ గడి వైపు చూశారు. అందులో అంతకుముందే తొమ్మిదున్నాయి. చెయ్యి ఆగింది. మెల్లిగా ఆ పదీ కూడా తీశారు. ఒక పిక్క దాని ఎడమ గడిలో వేశారు, ఎనిమిదున్న గడిలో.

"ఇప్పుడు చదవమ్మా" అన్నాను మా ఆవిడతో.

చదివింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు, తొమ్మిది, సున్నా, సున్నా, తొమ్మిది, ఎనిమిది... ఆఖరిదాకా చదివి, తండ్రి వైపు తిరిగి పెళ్ళిలో వాళ్ళ ఆడవాళ్ళు అన్న గొంతుతోనే అంది: "ఎనిమిది ఏది నాన్నా?"

"ఎక్కడికీ పోలేదమ్మా. ఇదిగో, తొమ్మిదైంది" అన్నారాయన, ఆ గడి మీద వేలు పెట్టి.

అన్నాక ఏమన్నారో ఆయనకి అర్థమైంది. లేచి, కండువా దులుపుకుని, వాన తగ్గిందో లేదో చూసొస్తానని వానలోకే వెళ్ళిపోయారు. ఆ రోజంతా ఆ ఊసు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నాలుగేళ్ళు ఆగాను, ఇంకో పూట ఆగలేనా? ఆగలేకపోయాను. మా ఆవిడని పదిసార్లు అడిగాను, ఏమైనా అన్నారా అని. "పిక్కలు లెక్కపెట్టుకుంటున్నారు. గడులు చెరపొద్దన్నారు" అంది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలకి పిలిచారు. పండగా కాదు, ఏమీ కాదు, లోపల్నుంచి నూనె కాగిన వాసన. అత్తగారు వడ్డిస్తోంది. మామగారు ఆవిడ చేతిలో పళ్ళెం తీసుకుని తనే వంగి నా విస్తట్లో బూరెలు వేశారు. మధ్యలో వేలితో చిల్లు పొడిచి నెయ్యి పోశారు. తర్వాత నా ఎదురుగా కూర్చుని, గొంతు సవరించుకుని, నాలుగేళ్ళుగా నేనడుగుతున్న దానికి జవాబు చెప్పారు:

"అల్లుడుగారూ, మీ లెక్క ఒప్పేనండి. ముసురు తగ్గగానే ఏలూరు రేవులో పడవలోకి బస్తాల ఎత్తుబడి ఉంది. ముందు కొసన నేను మొదలెడతాను, వెనక కొసన మీరు మొదలెట్టండి. మధ్యలో ఎదురుపడ్డప్పుడు మాత్రం నవ్వకూడదు. ఇద్దరి లెక్కా కలవలేదనుకోండి, తప్పు మీదేనండీ."